షిఫ్టు డ్యూటీ చేసుకుంట పీజీ చదువుడెట్ల?

"అన్నా, కొలువు ఇడ్సిపెట్టకుంట పీజీ చెయ్యొచ్చా? సాయంత్రం కాలేజీలు ఉంటయంట గదా?"

మా మణుగూర్ల డిగ్రీ అయిపోయి పనిల పడ్డ పిల్లలు ఎక్కువగ అడిగే ప్రశ్న ఇదే. ఓసీల డంపర్ మీద ఉన్న తమ్ముడు అడుగుతడు, పవర్ ప్లాంటుల కాంట్రాక్ట్ పనికి పోయే తమ్ముడు అడుగుతడు, అంగన్‌వాడీల పనిచేసే చెల్లె అడుగుతది. జవాబు ఒక్క మాటల చెప్పాలంటె, చెయ్యొచ్చు. నేను ఇక్కడనే ఒక ప్లాంటుల కాంట్రాక్టర్ కింద మూడు షిఫ్టులు చేసుకుంట దూరవిద్యల ఎంఏ ఎకనామిక్స్ పూర్తి చేసిన. రెండేండ్ల కోర్సుకు నాకు మూడున్నరేండ్లు పట్టింది. ఆ ఏడాదిన్నర ఎందుకు ఎక్కువ పట్టిందో తెలిస్తె, ఈ ప్రశ్నకు అసలు జవాబు తెలిసినట్టే. అందుకే ముందుగాల గడియారం ముచ్చట చెప్తా.

సాయంత్రం క్లాసు ఎవరి కోసం పుట్టింది

పగలు పని, రాత్రి చదువు అనేది కొత్త ముచ్చట కాదు. లండన్ల 1823ల పనోళ్ల కోసం మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటి పెట్టిండ్రు. అదే ఇయ్యాల బర్క్‌బెక్ అనే పేరుతోని లండన్ యూనివర్సిటీల భాగమై ఉన్నది. 200 ఏండ్ల సంది దానికి పేరొచ్చిందే సాయంత్రం పాఠాలతోని. మన దేశంల జోతిరావు ఫూలే, సావిత్రీబాయి ఫూలే 1855ల పూనాల కూలోళ్లకు, రైతులకు రాత్రి బడి నడిపిండ్రు. అంబేద్కర్ 1946ల బొంబాయిల సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు, కొలువు చేసుకునే పిల్లల కోసం పొద్దుగాల పూట క్లాసులు పెట్టిచ్చిండు. పిల్లగాడు పొద్దుగాల పాఠం విని, ఆనుంచి ఆపీసుకు పోవాలె. అదీ లెక్క.

హైదరాబాద్‌ల గూడ ఈవినింగ్ కాలేజీలు నడిచినయి. ఉస్మానియాల ఎంబీఏ ఈవినింగ్ కోర్సు ఉన్నది. బ్యాంకుల పనిచేసేటోళ్లు, ఆపీసర్లు, కంపెనీల కొలువు చేసేటోళ్లు డ్యూటీ దిగి క్లాసుకు పోతరు.

ఇండ్ల ఒక్కటి గమనించుండ్రి. ఈ ఏర్పాటంత ఒక నమ్మకం మీద నిలబడ్డది. పనిచేసేటోనికి రోజూ ఒకే టైముకు డ్యూటీ ఉంటది, ఒకే టైముకు ఖాళీ దొరుకుతది అనే నమ్మకం. పది గంటలకు ఎక్కి అయిదు గంటలకు దిగే కొలువుకు అది సరిపోతది. మరి మణుగూరుకు?

మన గడియారం వేరు

మణుగూరంటె బొగ్గు. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు, భద్రాద్రి థర్మల్ పవర్ స్టేషన్ల 270 మెగావాట్లవి 4 యూనిట్లు, అంటె మొత్తం 1080 మెగావాట్లు. పక్కన అశ్వాపురంల భారజల కర్మాగారం. ఇంకొంచెం ముందుకు పోతె సారపాకల పేపర్ మిల్లు. వీటిల్ల ఏదీ రాత్రి బంద్ కాదు. మొదటి షిఫ్టు పొద్దుగాల 7 నుంచి 3 దాకా, రెండో షిఫ్టు 3 నుంచి రాత్రి 11 దాకా, నైట్ షిఫ్టు 11 నుంచి తెల్లారి 7 దాకా. అటు ఇటుగ అంతట ఇదే లెక్క.

ఇప్పుడు మణుగూర్లనే ఒక ఈవినింగ్ కాలేజీ పెట్టిండ్రు అనుకుందాం. క్లాసు సాయంత్రం 6 నుంచి 9 దాకా. నీకు వారానికోసారి షిఫ్టు మారుతది.

మొదటి షిఫ్టు వారం: 3 గంటలకు దిగుతవు, క్లాసుకు పోతవు.

నైట్ షిఫ్టు వారం: పొద్దుగాల వచ్చి పండుకుంటవు, సాయంత్రం లేచి క్లాసుకు పోయి, అట్లనే డ్యూటీకి పోతవు. కష్టమే, కానీ పోవచ్చు.

రెండో షిఫ్టు వారం: క్లాసు టైముకు నువ్వు డ్యూటీల ఉంటవు. ఒక్క రోజు గూడ పోలేవు.

అంటె ఒక్క రోజు నాగా పెట్టకుంట, జరమొచ్చినా ఆగకుంట పోయినా గూడ నీ హాజరు మూడిట్ల రెండు వంతులు, 66 శాతం దాటదు. రెగ్యులర్ కోర్సులకు మామూలుగ 75 శాతం హాజరు అడుగుతరు. కోర్సుల చేరిన రోజే నువ్వు హాజరుల ఫెయిల్ అయినట్టు. ఇండ్ల నీ సోమరితనం ఏమీ లేదు. మూడు షిఫ్టుల మనిషి లెక్క ఆ కాగితంల లేదు, గంతే.

ఇంట్ల పెద్దోళ్లు "చదవాలని ఉంటె టైము అదే దొరుకుతది" అంటుంటరు. వాళ్లకు ఈ 66 శాతం లెక్క చూపియ్యుండ్రి.

ఇగ మిగిలిన తొవ్వలు ఏంది?

పేర్లు చానా వినపడతయి. పార్ట్‌టైమ్, డిస్టెన్స్, ఓపెన్, ఆన్‌లైన్, ఈవినింగ్. అన్నీ ఒకటే అనుకోవద్దు.

ఈవినింగ్, పార్ట్‌టైమ్ అంటె కాలేజీకి పోవాలె, హాజరు ఉంటది. టైము మాత్రమే వేరు. మనకు దగ్గర్ల పెద్దగ లేవు. మణుగూర్ల రాత్రి మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితె తెల్లారేసరికి సికింద్రాబాద్‌ల దిగుతం గని, రోజూ సాయంత్రం క్లాసుకు ఆ బండి పనికిరాదు.

ఇంజినీరింగ్ వైపు ఉన్నోళ్లకు ఇంకో తొవ్వ ఉన్నది. 2023 నుంచి ఏఐసీటీఈ కొలువు చేసేటోళ్ల కోసం వేరే బ్యాచులు నడిపేటందుకు కాలేజీలకు అనుమతి ఇస్తున్నది. డిప్లొమా, బీటెక్, ఎంటెక్ ఇండ్లకు వస్తయి. కనీసం ఏడాది అనుభవం ఉండాలె, నువ్వు చేసే కంపెనీ ఆ కాలేజీకి దగ్గర్ల ఉండాలె అని షరతులు ఉన్నయి. ఏ కాలేజీ పడితె ఆ కాలేజీ నడపలేదు. "మీకు వర్కింగ్ ప్రొఫెషనల్స్ బ్యాచ్ అనుమతి ఉన్నదా" అని కాగితం చూపియ్యమని అడగాలె.

దూరవిద్య, ఓపెన్ యూనివర్సిటీ అంటె పుస్తకాలు ఇంటికొస్తయి, లేకుంటె ఫోన్ల చదువుకోవచ్చు. ఆదివారాలు, సెలవు రోజులు స్టడీ సెంటర్ల కొన్ని క్లాసులు ఉంటయి. అసైన్‌మెంట్లు రాయాలె, పరీక్షలు సెంటర్‌కు పోయి రాయాలె. ఆన్‌లైన్ డిగ్రీ అంటె పాఠాలు గూడ నెట్‌లనే.

ఈ ఓపెన్ చదువుల మన గడ్డకు పెద్ద పాత్రే ఉన్నది. దేశంల మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982ల హైదరాబాద్‌ల పెట్టిండ్రు. అప్పుడు దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991ల డాక్టర్ బీఆర్ అంబేద్కర్ పేరు పెట్టిండ్రు. దానికి మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985ల ఢిల్లీల ఇగ్నో పెట్టినప్పుడు దానికి గూడ మొదటి వైస్ ఛాన్సలర్ ఆయన్నే. కాలేజీ గేటు కాడికి రాలేనోళ్ల కాడికే కాలేజీ పోవాలె అనే ఆలోచన అది. మన ఉమ్మడి జిల్లాల ఖమ్మం ఎస్‌ఆర్ అండ్ బీజీఎన్‌ఆర్ కాలేజీల అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ సెంటర్ ఉన్నది. మణుగూరు నుంచి ఖమ్మం పోవాలంటె వంద కిలోమీటర్లు దాటుతది. అందుకే చేరే ముందే "నా సబ్జెక్టుకు క్లాసులు ఏడ, పరీక్ష సెంటర్ ఏడ" అని అడుగుండ్రి. డిగ్రీకి దగ్గర్ల ఉన్న సెంటర్ పీజీకి ఉండకపోవచ్చు.

2400 గంటల లెక్క

ప్రాస్పెక్టస్‌ల అసలు లెక్క ఒకటి చిన్నగ రాసి ఉంటది, ఎవరూ సూడరు. అది క్రెడిట్లు. ఇగ్నో లెక్కల ఒక్క క్రెడిట్ అంటె 30 గంటల చదువు. చదువుడు, రాసుడు, క్లాసు వినుడు, అసైన్‌మెంట్ అన్నీ కలిపి. రెండేండ్ల పీజీకి 80 క్రెడిట్లు అనుకుంటె 80 ఇంటు 30, మొత్తం 2400 గంటలు.

రెండేండ్లల అయిపోవాలంటె వారానికి 23 గంటలు చదవాలె. మూడేండ్లల అయితె 15 గంటలు. నాలుగేండ్లల అయితె 11 గంటలన్నర. ఇగ్నోల రెండేండ్ల పీజీకి నాలుగేండ్ల దాకా గడువు ఇస్తరు. ఆ గడువు మన లాంటోళ్ల కోసమే. దాన్ని వాడుకునుడు తక్కువతనం కాదు.

నేను చేరకముందు మూడు వారాలు ఒక నోటు పుస్తకంల నా గంటలు రాసుకున్న. మొదటి షిఫ్టు వారం సాయంత్రాలు కొన్ని గంటలు, ఆదివారం కొన్ని గంటలు దొరికినయి. మొత్తం 15. నైట్ షిఫ్టు వారం నిద్ర మీదనే సగం పోయింది, అంతా కలిపితె 4 గంటలు. రెండో షిఫ్టు వారం పొద్దుగాల ఇంట్ల పిల్లలు బడికి పోయినంక కొన్ని గంటలు, ఆదివారం కొన్ని గంటలు. మొత్తం 20.

మూడు వారాలకు 39 గంటలు. అంటె వారానికి సగటున 13. 2400ను 13 పెట్టి భాగిస్తె 184 వారాలు చిల్లర, మూడున్నరేండ్లు. నాకు పట్టింది సరిగ్గ అంతే. ఇంటోళ్లకు, దోస్తులకు మొదటి రోజే చెప్పిన, "నాది మూడున్నరేండ్ల కోర్సు" అని. అందుకే రెండేండ్లు నిండినప్పుడు "ఇంకా అయిపోలేదా" అని ఎవరూ అడగలే, నాకూ మనసు ఇరగలే. పీజీ నడుమల ఇడ్సిపెట్టినోళ్లను చానామందిని చూసిన. తెలివి లేక ఇడ్సింది ఒక్కలు లేరు. రెండేండ్లల అయిపోతదనుకుని చేరి, కాకపోయేసరికి "ఇగ నాతోని కాదు" అని ఆగిపోయినోళ్లే.

ఇంకో ముచ్చట గూడ ఆ నోటు పుస్తకమే చెప్పింది. నాకు బాగ చదువు నడిచిన వారం రెండో షిఫ్టు వారం. పొద్దుగాల తల తేటగ ఉంటది, ఇల్లు ఖాళీగ ఉంటది. ఈవినింగ్ కాలేజీ మనలను క్లాసుకు రానియ్యని వారం అదే. లెక్కలు, సిద్ధాంతాలు, తల పెట్టాల్సిన పాఠాలన్నీ నేను రెండో షిఫ్టు వారానికి పెట్టుకున్న. అసైన్‌మెంట్లు ఎత్తి రాసుడు, నోట్సు తిరగేసుడు మొదటి షిఫ్టు సాయంత్రాలకు. నైట్ షిఫ్టు వారం ఏమీ పెట్టుకోలే. డంపర్ల నడుమ, కన్వేయర్ల పక్కన పనిచేసేటోడు నిద్ర తక్కువైతె పానం మీదికొస్తది. పుస్తకం కోసం నిద్ర కోసుకోవద్దు, ఇది గట్టిగ చెప్తున్న.

ఆదివారం క్లాసుకు గూడ ఒక ధర ఉంటది. పర్మనెంట్ కార్మికునికి ఆదివారం ప్లే డే వస్తె డబుల్ జీతం. క్లాసుకు పోతె అది పోతది. కాంట్రాక్ట్ మనిషికి పరీక్షల పది రోజులు సెలవు పెడితె పది మస్టర్లు పోయినట్టే. ఫీజు ఎంత అని అందరు అడుగుతరు. పోయే మస్టర్లు ఎన్ని అని గూడ లెక్క కట్టుకోవాలె. నాకైతె ఫీజు కన్న మస్టర్లకే ఎక్కువ పోయింది.

వాన కాలం సంగతి గూడ యాదిల పెట్టుకోవాలె. 2022 జూలైల భద్రాచలం కాడ గోదారి 71.3 అడుగులు వచ్చినప్పుడు తొవ్వలు మునిగి ఎక్కడోళ్లు అక్కడనే ఆగిపోయిండ్రు. కరెంటు, సిగ్నల్ పోతె ఫోన్ల పాఠం తెరుసుకోదు. జూన్‌లనే పాఠాలన్నీ దింపుకుని పెట్టుకోవాలె, అసైన్‌మెంట్ ఆఖరి తారీఖు దాకా ఆగొద్దు.

ఫీజు కట్టే ముందు చూసుకోవాల్సినయి

మొదటిది, గుర్తింపు. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులు ఏ యూనివర్సిటీ ఏ ఏడాది నడపొచ్చునో యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌ల జాబితా పెడతది. యూనివర్సిటీ పేరు ఉంటె సరిపోదు. నీ కోర్సు పేరు, నువ్వు చేరే ఏడాది గూడ అండ్ల ఉండాలె. 2024 నుంచి ఈ కోర్సులల్ల చేరాలంటె విద్యార్థి సొంతంగ డీఈబీ ఐడీ తీసుకోవాలె. నీ ఐడీ నువ్వే తీసుకో. ఇంకొకల చేతికి ఇయ్యకు.

రెండోది, కొన్ని సబ్జెక్టులు దూరవిద్యల ఉండనే ఉండవు. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివి దూరం నుంచి చదివితె చెల్లవు. 2025 నుంచి సైకాలజీ, పోషకాహారం లాంటి ఆరోగ్య రంగం కోర్సులను గూడ యూజీసీ దూరవిద్యల ఆపేసింది. ఎవడన్న ఇస్తమంటె నమ్మొద్దు.

మూడోది, విలువ. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు ఉన్న దూరవిద్య పట్టా, ఆన్‌లైన్ పట్టా రెగ్యులర్ పట్టాతోని సమానమే. 2022ల గూడ యూజీసీ ఈ మాట మల్ల చెప్పింది. "డిస్టెన్స్ ఎంఏకు ఇలువ లేదు" అనేటోళ్లకు ఈ జవాబు చాలు. కానీ కొన్ని కొలువుల నోటిఫికేషన్లల్ల "రెగ్యులర్, ఫుల్‌టైమ్" అని రాసి ఉంటది. నువ్వు ఏ కొలువు కోసం చదువుతున్నవో దాని పాత నోటిఫికేషన్ దింపుకుని అర్హతల కాడ ఒక్కొక్క మాట చదువు. ఆనంకనే ఫీజు కట్టు.

నాలుగోది, పైసలు. దూరవిద్య, ఓపెన్ యూనివర్సిటీ కోర్సులకు మన రాష్ట్రంల ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కాంట్రాక్ట్ జీతంల నుంచే పెట్టుకోవాలె. ఏటా కట్టే ఫీజు, పరీక్ష ఫీజు, తొవ్వ ఖర్చు, పోయే మస్టర్లు నాలుగు గీతలు గీసి రాసుకోండ్రి.

అయిదోది, పనికాడ చెప్పుడు. సర్కారు, ప్రభుత్వ రంగ కొలువైతె చేరే ముందే అనుమతి కాగితం తీసుకోవాలె. లేకుంటె రేపు సర్వీసు పుస్తకంల ఆ చదువు ఎక్కిచ్చేటప్పుడు తిప్పలైతది. కాంట్రాక్ట్ అయినా సరే సూపర్‌వైజర్‌కు పరీక్ష తారీఖులు రెండు నెలల ముందే కాగితం మీద ఇయ్యాలె. నేను ఇచ్చిన కాగితానికి ఒకసారి సెలవు దొరికింది, ఒకసారి దొరకలే. దొరకనప్పుడు తోటి కార్మికుడు తన షిఫ్టు నాకిచ్చి నాది తను చేసిండు. అట్లాంటి దోస్తులు ఇద్దరు లేంది షిఫ్టు మనిషి పీజీ గట్టెక్కడు.

ఇంకా మనసు గట్టిపడకపోతె, ముందుగాల స్వయం పోర్టల్ల ఒక కోర్సు చేసి చూడుండ్రి. కేంద్ర ప్రభుత్వానిది, చేరేటందుకు పైసలు కట్టే పని లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటెనే ఫీజు. పన్నెండు వారాల కోర్సు మూడు షిఫ్టుల నడుమ పూర్తి చేసినవంటె పీజీ గూడ చేస్తవు.

"క్లాసుకు రావద్దు" అనేటోని కాడికి పోవద్దు

66 శాతం హాజరు లెక్క మనకంటె ముందు బ్రోకర్లకు తెలుసు. అందుకే వాళ్లు మన దగ్గరకే వస్తరు. "నువ్వు క్లాసుకు రాకు తమ్మీ, హాజరు మేం చూసుకుంటం, పరీక్షకు వస్తె చాలు" అంటరు. ఇంకొకడు "ఒక్క ఏడాదిలనే రెండేండ్ల పట్టా" అంటడు. ఇంకా ముదిరినోడు "పరీక్ష గూడ రాయొద్దు" అంటడు.

మనకున్న కష్టం నిజమైంది కాబట్టే ఆ మాట తియ్యగ వినపడతది. కానీ సర్టిఫికెట్ల పరిశీలన నాడు ఆ బ్రోకర్ ఉండడు. అదే తారీఖున నువ్వు ప్లాంటుల షిఫ్టుల ఉన్నట్టు మస్టర్ ఉంటది, కాలేజీల క్లాసుల ఉన్నట్టు హాజరు ఉంటది. ఒకే మనిషి రెండు కాడల ఎట్ల ఉన్నడు అని అడిగితె ఏం చెప్తవు? ఆ పట్టాతోని కొత్త కొలువు రాకపోవుడు అటుంచితె, ఉన్న కొలువు మీదికే వస్తది. దూరవిద్య పట్టా నిదానంగ వస్తది గని, ఏడ చూపిచ్చినా భయం ఉండదు.

చెల్లెండ్ల సాయంత్రం

ఇప్పటిదాక చెప్పిందంత షిఫ్టులున్న మగపిల్లల లెక్క. ఆడపిల్లల గడియారం ఇంకా వేరు. గుండాల, కరకగూడెం, పినపాక వైపు ఊర్లల్ల సాయంత్రం అయిందంటె బస్సులు తక్కువైతయి. అడవి తొవ్వల చీకటి పడ్డంక ఒంటరిగ పోయేది లేదు. ఇంట్ల సాయంత్రమంటె పొయ్యి కాడ పని. క్లాసు 6 గంటలకు పెట్టినోళ్లు ఆ టైముకు అన్నం వండేది ఎవరో ఆలోచించలే.

నాతోని కలిసి పరీక్షలు రాసిన ఒక అక్క అంగన్‌వాడీల పనిచేస్తది. ఆమెకు మిరప కాయ ఏరే కాలంల పొద్దుగాల గూడ టైము దొరకకపోయేది. తెల్లారి 4 గంటలకు లేచి గంటన్నర చదివేది. ఎంఏకు నాలుగేండ్లు పట్టింది. ఎవరన్న అడిగితె "నాకు గడువు ఇచ్చిందే నాలుగేండ్లు, ఒక్కరోజు ఎక్కువ తీసుకోలే" అనేది. ఆమెకు ఈవినింగ్ కాలేజీ ఉన్నా పనికిరాకపోవు. ఇంటికి దగ్గర్ల పగటి పూట ఒక చదువుకునే గది, పుస్తకాలు, నెట్ ఉంటె అదే ఆమెకు కాలేజీ.

పట్టా వస్తె ఏమైతది, ఏం కాదు

ఆశ పెట్టుకునే ముందు ఇది గూడ తెలుసుకోవాలె. గ్రూప్-1, గ్రూప్-2 లాంటి పరీక్షలకు డిగ్రీ చాలు, పీజీ అక్కర లేదు. వాటి కోసమే అయితె 2400 గంటలు ఆ సిలబస్ మీద పెట్టుడే మేలు. కాంట్రాక్ట్ పనిల ఉన్నోనికి ఎంఏ చేసినంత మాత్రాన జీతం పెరగదు. నాకు గూడ పెరగలే.

మరి దేనికి అక్కరొస్తది? జూనియర్ లెక్చరర్ కావాలంటె పీజీ ఉండాలె. గురుకులాలల్ల పీజీటీకి పీజీతోని పాటు బీఈడీ ఉండాలె. డిగ్రీ కాలేజీల చెప్పాలంటె పీజీల 55 శాతం మార్కులు, దాంతోని నెట్ గానీ సెట్ గానీ కావాలె. రిజర్వేషన్ ఉన్నోళ్లకు మార్కుల్ల కొంత సడలింపు ఉంటది. అందుకే పాస్ అయితె చాలు అనుకోవద్దు. నిదానంగ చదివినా సరే 55 దాటేటట్టు చదవాలె. కంపెనీలల్ల పర్సనల్, వెల్ఫేర్ వైపు కొలువులకు ఎంబీఏ హెచ్‌ఆర్, ఎంఎస్‌డబ్ల్యూ లాంటివి అడుగుతరు. కొలువు ఏదో ముందు అనుకుని, దానికి తగ్గ సబ్జెక్టు పట్టుకుంటె గంటలు వృథా పోవు.

నాకు దొరికింది ఇంకొకటి ఉన్నది. మా ప్లాంటుల బొగ్గు ఏ ధరకొస్తది, కరెంటు ఏ ధరకు పోతది, నడుమ నా కూలి ఎట్ల లెక్క కడతరు అనేది ఇప్పుడు కాగితం చూసి అర్థం చేసుకుంటున్న. జీతం చీటీల పీఎఫ్ కోత తప్పు పడితె తోటోళ్లు నా దగ్గరికి తెస్తుండ్రు. అది కొలువు కాదు గని, చిన్న సంగతేం కాదు.

రెండు పూటల పాఠం కావాలె

మనం సర్దుకున్నది చాలు. కాలేజీ గూడ కొంత సర్దుకోవాలె. బ్రిటన్‌ల 1952ల డెర్బీషైర్ బొగ్గు గని కార్మికుల కోసం షెఫీల్డ్ యూనివర్సిటీ, కార్మిక సంఘం కలిసి డే రిలీజ్ క్లాసులు పెట్టినయి. వారంల ఒక రోజు కార్మికున్ని పని నుంచి విడిచి చదువుకు పంపుడు. ఎకనామిక్స్, రాజకీయాలు, పారిశ్రామిక సంబంధాలు నేర్పిండ్రు. డెనిస్ స్కిన్నర్ అనే గని కార్మికుడు ఆ క్లాసులల్ల చదివిండు. తర్వాత 1970 నుంచి 2019 దాకా బోల్సోవర్ ఎంపీగ ఉన్నడు. ఆడ కార్మికుల చదువుకు సాయంత్రం దాకా ఆగమనలే, పని గంటలల్లనే జాగ ఇచ్చిండ్రు.

మనకు ఇంకా సులువైన తొవ్వ ఉన్నది. ఒకే పాఠం రోజుకు రెండుసార్లు చెప్పాలె. పొద్దుగాల 10 నుంచి 12 దాకా ఒకసారి, సాయంత్రం 5 నుంచి 7 దాకా అదే పాఠం ఇంకోసారి. మొదటి షిఫ్టు మనిషి సాయంత్రం వస్తడు. రెండో షిఫ్టు మనిషి పొద్దుగాల వస్తడు. నైట్ షిఫ్టు మనిషి నిద్ర లేచి సాయంత్రం వస్తడు. ఇంటి పనులున్న చెల్లె తనకు వీలైన పూట వస్తది. ఏ పూట వచ్చినా హాజరు ఒకటే. అప్పుడు 66 శాతం కాస్త 100 శాతం దాకా పోవచ్చు. ఎక్కువ కావాల్సింది ఒక లెక్చరర్ రెండు గంటల కూలి, ఒక గదిల రెండు లైట్లు.

పైసలు ఏడియి అంటరా? గనులున్న జిల్లాలల్ల జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టు ఉంటది. గనుల వల్ల నష్టపోయిన ఊర్ల కోసం గని నడిపేటోళ్లు కట్టే పైసలు అవి. 2015ల కేంద్రం పెట్టిన మార్గదర్శకాలల్ల తాగునీళ్లు, ఆరోగ్యంతోని పాటు చదువు గూడ ప్రాధాన్యత రంగమే. కొత్తగూడెంల గనుల కాలేజీ ఉన్న జాగలనే 2025ల డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ వచ్చింది. బొగ్గు గడ్డ మీద పుట్టిన యూనివర్సిటీకి షిఫ్టు టైములు ఎవరూ కొత్తగ చెప్పే పని లేదు. కార్మిక సంఘాలు గుర్తింపు ఎన్నికలప్పుడు ఇచ్చే కాగితాలల్ల క్వార్టర్లు, అలవెన్సులు ఉంటయి. పరీక్షలకు జీతంతోని సెలవు, కాంట్రాక్ట్ కార్మికునికి గూడ, అనే డిమాండు ఒకటి అండ్ల చేరాలె.

ఇదంత వచ్చేదాకా ఆగమని నేను చెప్తలేను. ఈ సోమవారం నుంచి ఒక నోటు పుస్తకం పెట్టు. మూడు షిఫ్టులు, మూడు వారాలు, రోజుకు నీకు నిజంగ మిగిలిన గంటలు రాయి. మూడు వారాల మొత్తాన్ని మూడుతోని, 2400ను ఆ వచ్చిన దాంతోని భాగించు. వచ్చిన వారాలే నీ కోర్సు. అది రెండేండ్లయినా, నాలుగేండ్లయినా ఇంట్ల ఆ అంకెనే చెప్పు, ఆనంకనే ఫీజు కట్టు.